డీఎన్ఎస్ ఫిల్టర్: నల్లగొండ, పాలమూరు వైపు అందరూ అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో, జడ్చర్ల మెడికల్ షాపుల్లో, దేవరకొండ, వనపర్తి వైపు ప్రైవేటు స్కూళ్లలో నెట్ బిగించేటప్పుడు మాకు ఎదురయ్యే ప్రశ్నలివి. దాదాపు వాళ్లు అడిగిన మాటల్లోనే రాశాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. సమయం తక్కువుంటే "ఇది ఆపలేనివి ఏంటి?" అన్న జవాబు ఒక్కటైనా చదవండి.

అసలు డీఎన్ఎస్ అంటే ఏంటి?

మీరు ఫోన్‌లో వెబ్‌సైట్ పేరు కొడతారు. కంప్యూటర్లకు పేరుతో పని జరగదు, ఐపీ నంబర్ కావాలి. ఫలానా పేరుకు ఫలానా నంబర్ అని చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్. నెట్ మొదటి రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో రాసి ఉంచితే అందరూ దాన్నే దించుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది కుదరక, 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. అప్పట్లో నెట్ వాడేది ఎక్కువగా యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలే. అందుకే అడిగిన పేరు మంచిదా, దొంగదా అని చూసే పద్ధతి అందులో పెట్టలేదు. ఎవరు ఏ పేరు అడిగినా నంబర్ ఇచ్చేస్తుంది.

మరి ఫిల్టర్ చేసే పనేంటి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఆటో అతన్ని ఒక అడ్రస్ అడిగారనుకోండి. మామూలు డీఎన్ఎస్ ఏ అడ్రస్ అడిగినా దారి చూపించే మనిషి. ఫిల్టర్ ఉన్న డీఎన్ఎస్ "ఆ ఇంటికి నేను దారి చెప్పను" అనే మనిషి.

లోపల జరిగేది చాలా సింపుల్. ఫిల్టర్ దగ్గర దొంగ సైట్ల పేర్ల జాబితా ఉంటుంది, అది రోజంతా మారుతూ ఉంటుంది. మీరు అడిగిన పేరు ఆ జాబితాలో ఉంటే "అట్లాంటి పేరే లేదు" అని జవాబిస్తుంది, లేదంటే 0.0.0.0 అని ఎటూ పోని నంబర్ ఇస్తుంది. నంబర్ దొరకలేదు కాబట్టి పేజీ తెరుచుకోదు, ఫైల్ దిగదు. యాంటీవైరస్ ఫైల్ లోపలికి వచ్చాక పట్టుకుంటుంది. ఇది అంతకంటే ముందే, కనెక్షన్ మొదలవ్వకుండానే ఆపుతుంది.

యాంటీవైరస్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

ఒక మామూలు మిల్లు ఆఫీసులో నెట్‌కు ఏమేం కలిసి ఉన్నాయో చూడండి. బిల్లింగ్ కంప్యూటర్, కాంటా దగ్గర ఇంకా విండోస్ 7 మీదే నడిచే పాత మిషన్, సీసీ కెమెరాల డీవీఆర్, గోడ మీద స్మార్ట్ టీవీ, గుమస్తాల ఫోన్లు, పని మీద వచ్చిపోయే వాళ్ల ఫోన్లు. వీటిలో యాంటీవైరస్ వేయగలిగేది ఒకటో రెండో. డీవీఆర్‌లో వేయలేరు, టీవీలో వేయరు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది.

రూటర్‌లో డీఎన్ఎస్ మారిస్తే ఇవన్నీ ఒకేసారి ఫిల్టర్ కిందికి వస్తాయి. ఏ మిషన్‌లోనూ ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఖర్చూ లేదు. చిన్న ఆఫీసుకు సెక్యూరిటీ పేరుతో ఏదైనా ఒక్కటి చేయమంటే మేం ముందు చేసేది ఇదే. అలాగని యాంటీవైరస్ తీసేయమని కాదు.

ఏ రకం మోసాలను ఆపుతుంది?

ఎక్కువగా ఆగేవి లింకు నొక్కించే మోసాలు. "కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కట్ చేస్తాం", "మీ బండికి చలాన్ పడింది", "కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది" అని వచ్చే మెసేజ్‌లు మీరు చూసే ఉంటారు. వాటిలో లింకు నొక్కితే బ్యాంకు పేజీలాగే కనిపించే దొంగ పేజీకి పోతుంది. ఆ పేజీ పేరు జాబితాకు ఎక్కి ఉంటే తెరుచుకోదు.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. దొంగ పేరును మనిషి కన్ను ఎందుకు పట్టలేదంటే, మనం ఎడమ నుంచి చదువుతాం. వెబ్‌సైట్ పేరుకు అసలు యజమాని ఎవరో కుడివైపు చివర్లో ఉంటుంది. "ఎస్‌బీఐ డాట్ కేవైసీఅప్‌డేట్ డాట్ టాప్" అని ఉంటే అది స్టేట్ బ్యాంకుది కాదు. "కేవైసీఅప్‌డేట్ డాట్ టాప్" అన్న పేరు కొనుక్కున్నవాడిది. ముందు ఏ బ్యాంకు పేరైనా తగిలించుకోవచ్చు, వాడిని అడిగేవాళ్లు ఉండరు. ఈ గోల తగ్గించడానికే రిజర్వ్ బ్యాంకు మన దేశంలోని బ్యాంకుల వెబ్‌సైట్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చివర ఉండే పేర్లకు మారమంది, 2025 అక్టోబర్ 31 దాకా గడువిచ్చింది. బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఆ చివర దొరకదు. ప్రభుత్వ సైట్లకు "డాట్ జీఓవీ డాట్ ఇన్" కూడా అంతే.

దొంగ పేజీలు ఎక్కువకాలం బతకవు. ఇవాళ పేరు కొని, రేపు మెసేజ్‌లు పంపి, ఎల్లుండికి వదిలేస్తారు. అందుకే కొన్ని ఫిల్టర్లలో "కొత్తగా రిజిస్టర్ అయిన పేర్లన్నీ ఆపు" అనే ఆప్షన్ ఉంటుంది. ఆఫీసులకు అది ఆన్ చేయమనే చెప్తాం. నిన్న పుట్టిన వెబ్‌సైట్‌తో మిల్లుకు గానీ మెడికల్ షాపుకు గానీ పనేముంటుంది?

రెండో రకం, ఇప్పటికే లోపలికి దూరిన వైరస్. చాలా వైరస్‌లు దూరాక ఊరుకోవు, తమ యజమాని సర్వర్‌ను అడిగి ఆర్డర్లు తీసుకుంటాయి. ఆ సర్వర్‌ను చేరాలన్నా పేరు అడగాల్సిందే. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అనే వైరస్ మొదట్లో రోజుకు 250 కొత్త పేర్లు తనంతట తనే తయారు చేసుకునేది. వాటిని ఆపడం మొదలుపెట్టాక, తర్వాతి రకంలో ఆ లెక్కను రోజుకు 50,000కు పెంచారు. పేరు దగ్గర ఆపడం దొంగలకు ఎంత నొప్పిగా ఉంటుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఫిల్టర్ వల్ల ఎప్పుడైనా నష్టం జరిగిందా?

జరిగే సందర్భం ఒకటుంది. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను లాక్ చేసి డబ్బులడిగింది. పక్క రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకూ తగిలింది. ఆ వైరస్ పని మొదలుపెట్టే ముందు అర్థంపర్థం లేని ఒక పొడుగాటి పేరును అడిగేది. ఆ పేరు నుంచి జవాబొస్తే ఆగిపోయేది, రాకపోతే ఫైళ్లు లాక్ చేసేది. బ్రిటన్‌లో ఒక కుర్ర పరిశోధకుడు, మార్కస్ హచిన్స్, ఆ పేరును కొని రిజిస్టర్ చేయడంతో వ్యాప్తి చాలావరకు ఆగింది. అంటే ఆ పేరును "వైరస్ అడిగే పేరు కదా" అని బ్లాక్ చేస్తే వైరస్‌కు అడ్డు తీసేసినట్టే. మంచి ఫిల్టర్ నడిపేవాళ్లు ఇలాంటివి చూసుకుంటారు. నెట్‌లో దొరికిన ఏదో జాబితాను తెచ్చి రూటర్‌లో దించేసే అలవాటు మంచిది కాదని మేం అనేది అందుకే.

ఇది ఆపలేనివి ఏంటి?

పేరు అడగకుండా జరిగే మోసం ఏదైనా దీని పక్కనుంచి పోతుంది. మన దగ్గర పైసలు పోయే కేసుల్లో ఇలాంటివి తక్కువేం కాదు.

ఫోన్ చేసి ఓటీపీ అడిగితే డీఎన్ఎస్‌కు తెలియదు. "డిజిటల్ అరెస్ట్" అని వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని బెదిరిస్తే, ఆ కాల్ నడిచేది మామూలు యాప్ మీదే, దాన్ని ఫిల్టర్ ఎందుకు ఆపుతుంది? పైసలు వస్తాయని చెప్పి క్యూఆర్ స్కాన్ చేయించి యూపీఐ పిన్ కొట్టిస్తే, ఆ లావాదేవీ అసలు యాప్‌లో, అసలు బ్యాంకుతోనే జరుగుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్ల (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ల) గురించి వివరంగా చెప్పాలి. పీఎం కిసాన్ అనో, చలాన్ అనో, బ్యాంకు రివార్డులనో పేరు పెట్టి ఊళ్లలో పంపేవి ఇవే. ఆ ఫైల్ వచ్చేది వాట్సాప్ సర్వర్ నుంచి. వాట్సాప్‌ను ఆపలేం కాబట్టి ఫైల్ దిగడాన్ని ఫిల్టర్ ఆపలేదు. ఇన్‌స్టాల్ చేశాక ఆ యాప్ ఎస్‌ఎంఎస్ చదివే పర్మిషన్ అడుగుతుంది. ఇచ్చేస్తే ఓటీపీలు దొంగకు పంపుతుంది. పంపే సర్వర్ పేరు జాబితాలో ఉంటే ఆగుతుంది. కానీ కొన్ని యాప్‌లు గూగుల్ వారి ఫైర్‌బేస్ ద్వారానో టెలిగ్రామ్ ద్వారానో పంపుతాయి. వాటిని ఆపితే సగం మంచి యాప్‌లూ ఆగిపోతాయి. ఇంకొన్ని అయితే ఓటీపీ రాగానే దాన్ని మామూలు ఎస్‌ఎంఎస్‌గా దొంగ ఫోన్ నంబర్‌కు ఫార్వర్డ్ చేస్తాయి. అక్కడ నెట్‌తో పనే లేదు, ఇంక డీఎన్ఎస్ ఏం చేస్తుంది?

కాబట్టి ఎవరైనా "ఇది పెట్టుకుంటే మీకు ఇంక టెన్షన్ లేదు" అని అమ్మజూపితే, ఈ జవాబు చూపించండి.

ఏ సర్వీసు పెట్టుకోవాలి?

ఉచితంగా దొరికేవే చాలామందికి సరిపోతాయి. క్వాడ్9 అనేది లాభాపేక్ష లేని సంస్థ, 2017లో మొదలైంది, అడ్రస్ 9.9.9.9, రెండోది 149.112.112.112. క్లౌడ్‌ఫ్లేర్‌లో మూడు రకాలున్నాయి: 1.1.1.1లో ఫిల్టర్ లేదు, 1.1.1.2 దొంగ సైట్లను ఆపుతుంది, 1.1.1.3 వాటితో పాటు పెద్దల సైట్లనూ ఆపుతుంది. ఈ చివరి అంకె దగ్గరే చాలామంది పొరపడతారు. "1.1.1.1 పెట్టాం, ఫిల్టర్ ఉంది కదా" అంటారు. లేదు. గూగుల్ 8.8.8.8 కూడా వేగానికి మంచిదే గానీ, అది దొంగ సైట్లను ఆపే ఫిల్టర్ కాదు.

ఆఫీసుకు, షాపుకు మేం పెట్టేది క్వాడ్9. దానికి వేరే పనేమీ లేదు, దొంగ పేర్లు ఆపడమే పని.

రూటర్‌లో ఎట్లా మార్చాలి?

రూటర్ వైఫైకి కలిసిన ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ బ్రౌజర్ తెరిచి 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. సరైన నంబర్ రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది, యూజర్ పేరూ పాస్‌వర్డూ అక్కడే. లోపలికి వెళ్లాక డీహెచ్‌సీపీ అనే పేజీ వెతకండి. కొన్నింట్లో అది ల్యాన్ కింద ఉంటుంది. ప్రైమరీ డీఎన్ఎస్ అన్న చోట 9.9.9.9, సెకండరీ అన్న చోట 149.112.112.112 రాసి సేవ్ కొట్టండి. తర్వాత రూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ఫోన్లు, కంప్యూటర్లు మళ్లీ వైఫైకి కలిసినప్పుడే కొత్త డీఎన్ఎస్ తీసుకుంటాయి.

రెండు చిక్కులు రావచ్చు. ఒకటి, కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ బాక్సుల్లో కొన్నింటికి ఆ పేజీ తాళం వేసి ఉంటుంది. ఆపరేటర్‌ను అడిగితే మార్చిస్తాడు, లేదంటే బాక్స్ వెనక మీ సొంత రూటర్ ఒకటి పెట్టుకుని అందులో మార్చుకోండి. రెండోది ఎవరూ చూడనిది: ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ నంబర్లు. ఈ రోజుల్లో చాలా కనెక్షన్లు ఐపీవీ6 కూడా ఇస్తాయి, దానికి వేరే డీఎన్ఎస్ ఉంటుంది. మీరు పాత రకం అడ్రస్ ఒక్కటే మార్చి వదిలేస్తే, ఫోన్లు రెండో దారిలో కంపెనీ డీఎన్ఎస్‌నే అడుగుతూ ఉంటాయి. ఐపీవీ6 పేజీలోనూ క్వాడ్9 వారి ఐపీవీ6 అడ్రస్ రాయండి. అది వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది.

పనిలో పనిగా రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. ఎందుకో కింద ఒక ప్రశ్నలో ఉంది.

సెకండరీ చోట 8.8.8.8 పెడితే సేఫ్ కదా? ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది.

వద్దు. సెకండరీని మొదటిది ఆగినప్పుడే వాడతారనుకుంటాం. నిజానికి చాలా మిషన్లు రెండింటినీ మార్చి మార్చి అడుగుతాయి. ఫిల్టర్ ఆపిన పేరుకు రెండోది నంబర్ ఇచ్చేస్తుంది. రెండు చోట్లా ఒకే సర్వీసు అడ్రస్‌లే ఉండాలి.

పనిచేస్తోందో లేదో ఎట్లా తెలుస్తుంది?

క్వాడ్9 అయితే బ్రౌజర్‌లో "ఆన్ డాట్ క్వాడ్9 డాట్ నెట్" తెరవండి, అవునో కాదో అక్కడే చెప్తుంది. వైఫై మీద ఉన్న ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ విడివిడిగా చూడండి. ఒకదాంట్లో అవును, ఇంకోదాంట్లో కాదు అని వస్తే ఎక్కువసార్లు ఐపీవీ6 గానీ, బ్రౌజర్ సొంత సెట్టింగ్ గానీ కారణం.

సైట్ బ్లాక్ అయితే "ఇది ప్రమాదం" అని నోటీసు ఎందుకు రాదు?

ఈ రోజుల్లో దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ అనే సురక్షిత కనెక్షన్ మీదే నడుస్తాయి. ఆ పేరుకు సరైన సర్టిఫికెట్ లేనిదే బ్రౌజర్ ఇంకెవరి పేజీనీ చూపించదు. ఫిల్టర్ నోటీసు పేజీ పెట్టాలని చూసినా బ్రౌజర్ దాన్నే అనుమానిస్తుంది. అందుకే చాలాసార్లు ఉత్త "సైట్ దొరకలేదు" అనే వస్తుంది. జనం నెట్ పోయిందనుకుని మాకు ఫోన్ చేస్తారు. వేరే సైట్ తెరుచుకుంటుంటే నెట్ బాగానే ఉన్నట్టు.

ఇంట్లో వైఫై సరే, బయట సిమ్ డేటా మీద ఉంటే?

రూటర్ ఫిల్టర్ రూటర్ దాకానే. దొంగ మెసేజ్‌లు చాలామటుకు పొలం దగ్గరో బస్‌లోనో ఉన్నప్పుడు తెరుస్తాం కాబట్టి, ఫోన్‌లో కూడా పెట్టుకోవడం అవసరమే. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోన్‌లో ఈ వసతి ఉంది. సెట్టింగ్స్‌లో పైన సెర్చ్ దగ్గర "ప్రైవేట్ డీఎన్ఎస్" అని వెతికి, ప్రొవైడర్ హోస్ట్‌నేమ్ అన్న దాన్ని ఎంచుకుని "డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్" అని ఇంగ్లిష్‌లో కొట్టండి. క్వాడ్9కు అంకె వాడాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. అమ్మానాన్నల ఫోన్లలో ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీరే పెట్టేయండి, రెండు నిమిషాల పని.

ఒక ఇబ్బంది ఉంది. లాడ్జీల్లో, రైల్వే స్టేషన్లలో లాగిన్ పేజీ అడిగే వైఫై కొన్నిసార్లు దీనితో కలవదు. అప్పుడు కాసేపు ఆటోమేటిక్‌కు మార్చి, లాగిన్ అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి.

స్టాఫ్ గానీ పిల్లలు గానీ దీన్ని తప్పించుకోలేరా?

తప్పించుకోగలరు. నెట్ ట్రాఫిక్‌ను వేరే సర్వర్ గుండా తిప్పే వీపీఎన్ యాప్ వేస్తే ఫిల్టర్ దాటిపోతారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లలో "సెక్యూర్ డీఎన్ఎస్" అని ఉంటుంది, అందులో వేరే సర్వీసు ఎంచుకుంటే రూటర్ మాట వినవు. కాస్త మంచి రూటర్లలో డీఎన్ఎస్ వాడే 53, 853 పోర్టుల (ట్రాఫిక్ పోయే దారుల నంబర్ల) మీద బయటికి పోయే ప్రశ్నలన్నింటినీ ఫిల్టర్ వైపే తిప్పొచ్చు లేదా ఆపొచ్చు. బ్రౌజర్ మాత్రం 443 పోర్టు మీద, మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్‌లో కలిపి అడుగుతుంది కాబట్టి దాన్ని విడదీయడం కష్టం.

మా అభిప్రాయం ఏంటంటే, కావాలని దాటేవాడిని ఆపడానికి ఇది సాధనం కాదు. తెలియక లింకు నొక్కేవాళ్లను కాపాడటానికి ఇది. అట్లా చూస్తేనే దీని విలువ తెలుస్తుంది.

స్కూల్‌కు ఏది మంచిది?

కంప్యూటర్ ల్యాబ్‌కు 1.1.1.3 గానీ, క్లీన్‌బ్రౌజింగ్ వారి ఫ్యామిలీ ఫిల్టర్ 185.228.168.168 గానీ. రెండోది గూగుల్‌లో సేఫ్‌సెర్చ్‌ను, యూట్యూబ్‌లో రెస్ట్రిక్టెడ్ మోడ్‌ను కూడా ఆన్ చేసి ఉంచుతుంది. యూట్యూబ్‌లో ఫలానా వీడియో మాత్రం ఆపమని హెడ్‌మాస్టర్లు అడుగుతుంటారు. డీఎన్ఎస్‌తో అది కుదరదు. అది చూసేది సైట్ పేరే, లోపలి పేజీ కాదు. ఆపితే యూట్యూబ్ మొత్తం ఆగుతుంది.

నెట్ స్లో అవుతుందా?

మామూలుగా తేడా తెలియదు. ఒకసారి అడిగిన పేరును ఫోన్, రూటర్ కొంతసేపు గుర్తుంచుకుంటాయి. వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయంటే ముందు ఫైబర్ సిగ్నల్ చూపించుకోండి.

పనికొచ్చే సైట్ ఆగిపోతే?

అప్పుడప్పుడు అవుతుంది. ముందు ఫోన్‌లో సిమ్ డేటా మీద, ప్రైవేట్ డీఎన్ఎస్ ఆపి చూడండి. అక్కడా తెరుచుకోకపోతే ఆ సైటే పడిపోయిందని అర్థం. ప్రభుత్వ సైట్లు ఆఖరి తేదీ రోజున ఎట్లుంటాయో మీసేవ వాళ్లనడిగితే చెప్తారు, దానికి ఫిల్టర్‌ను తిట్టి లాభం లేదు. నిజంగా ఫిల్టరే ఆపితే, ఉచిత సర్వీసుల్లో మీరు స్వయంగా అనుమతి ఇచ్చుకోలేరు, వాళ్ల వెబ్‌సైట్‌లో చెప్పాలి. మీరే జాబితా నడుపుకోవాలంటే నెక్స్ట్‌డీఎన్ఎస్ లాంటి ఖాతా తీసుకోవాలి. ఉచితంగా నెలకు 3 లక్షల ప్రశ్నలదాకా ఇస్తుంది, ఆ తర్వాత ఫిల్టర్ లేని మామూలు డీఎన్ఎస్‌లా నడుస్తుంది. పది మంది ఉన్న ఆఫీసులో ఆ లెక్క నెల తిరక్కుండానే దాటొచ్చు.

ఖాతా ఉన్న సర్వీసుల్లో ఇంకో తిరకాసు. కొన్ని మిమ్మల్ని బయటి ఐపీ నంబర్‌ను బట్టి గుర్తుపడతాయి. లోకల్ కేబుల్ నెట్‌లో ఒకే బయటి ఐపీ వెనక ఎన్నో ఇళ్లు ఉండొచ్చు. అప్పుడు మీ సెట్టింగ్ మీకు వర్తించదు, లేదా పక్కింటివాళ్లకు వర్తిస్తుంది. అలాంటి చోట హోస్ట్‌నేమ్‌తో పనిచేసే పద్ధతే వాడాలి.

ఖాతా తీసుకుంటే లాగ్ కనిపిస్తుందట, దాంతో ఉపయోగమేంటి?

మా దృష్టిలో ఖాతాకు పైసలు పెట్టడానికి అసలు కారణం ఇదే. బ్లాక్ అయిన పేర్ల జాబితాను పొద్దున ఒకసారి చూడండి. పగలు ఎవరో ఒకసారి దొంగ లింకు నొక్కినట్టు ఉంటే అది ఆగిపోయింది, పర్వాలేదు. రాత్రి 2 గంటలకు, షట్టర్ వేసి ఉన్నప్పుడు, ఒకే మిషన్ ఒకే పిచ్చి పేరును ఐదు నిమిషాలకోసారి అడుగుతూ ఉంటే మాత్రం అది మనిషి పని కాదు. ఆ మిషన్‌లో ఏదో కూర్చుంది. ముందు నెట్ వైరు పీకి, తర్వాత చూపించుకోండి. బిల్లింగ్ డేటా ఉన్నదే అయితే, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇంకో కంప్యూటర్‌కు పెట్టే తొందర వద్దు.

మన డీఎన్ఎస్‌ను దొంగలే మార్చగలరా?

మార్చారు కూడా. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ లక్షల కంప్యూటర్లలో డీఎన్ఎస్‌ను తన సర్వర్ల వైపు తిప్పేసింది. 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకుంది. సర్వర్లను వెంటనే ఆపితే తగిలిన వాళ్లందరికీ నెట్ పోతుందని, వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు. ఆ రకం వైరస్ రూటర్లలోకి దూరడానికి వాడింది మామూలు డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లనే. మీ రూటర్‌కు ఇంకా అడ్మిన్, అడ్మిన్ ఉందా? పైన మార్చమన్నది అందుకే.

మేం ఏ సైట్లు చూస్తున్నామో వాళ్లకు తెలుస్తుంది కదా?

సైట్ పేర్లు తెలుస్తాయి, లోపల ఏం చదివారో, ఏం రాశారో తెలియదు. ఇప్పుడు మీ నెట్ కంపెనీకీ ఆ పేర్లు తెలుస్తూనే ఉన్నాయి. ఎవరిని నమ్మాలన్నది మీ ఇష్టం. క్వాడ్9 స్విట్జర్లాండ్ నుంచి నడుస్తుంది, వాడేవాళ్ల ఐపీ అడ్రస్‌లను తాను నిల్వ చేయనని చెప్తుంది. ఆఫీసులో లాగ్ పెడితే మాత్రం స్టాఫ్‌కు ముందే చెప్పండి, అది మర్యాద.

ఇన్నీ ఉన్నా పైసలు పోతే?

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో వాళ్లకు చెప్పాలా వద్దా, పొద్దున స్టేషన్‌కు పోదామా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబర్, సమయం, పోయిన మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మెసేజ్‌ను, లింకును చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏపీకే వేసి ఉంటే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, 1930కి, బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి మాట్లాడండి.